మోటారు సైకిలుపై పనిముట్ల సంచి: ఎక్కడ కట్టవలెను? ఎట్లు కట్టవలెను?

దూరప్రయాణమునకు బయలుదేరు మోటారు సైకిలు వెంట నాలుగు పనిముట్లు ఉండుట అవసరము. ఊరికి ఊరికి నడుమ క్లచ్ వైరు తెగినను, టైరు పంచరు అయినను, స్పార్కు ప్లగ్గు మసిబారి ఇంజను ఆగిపోయినను అక్కడ మరమ్మతు దుకాణము ఉండదు. రెండు మూడు పానాలు, స్క్రూడ్రైవరు, పటకారు, టైరు విప్పు లివర్లు, పంచరు అతుకులు, గాలిపంపు, అదనపు క్లచ్ వైరు, ఒక ప్లగ్గు, ఇవన్నియు కలిసి మూడు నాలుగు కిలోలు తూగును. వీటిని ఒక తోలు సంచిలోనో, గట్టి కాన్వాసు సంచిలోనో ఉంచి బండికి కట్టుట వాడుక.

నూట ఎనుబది కిలోల బండికి, డెబ్బది కిలోల మనిషికి ఈ నాలుగు కిలోలు ఒక లెక్క కాదని తోచును. సంచి ఎక్కడ వ్రేలాడిన నేమి అనిపించును. ఈ ఆలోచనలో సగము నిజము, సగము ప్రమాదము ఉన్నవి. బండి నిలిచియున్నపుడు సంచి బరువు నాలుగు కిలోలే. బండి కదలిన తరువాత ఆ సంచి తనను పట్టియున్న పట్టీలను, బోల్టులను లాగు బలము బరువును బట్టి మాత్రమే ఉండదు. సంచి ఎంత దూరమున ఉన్నది, ఎంత త్వరగా కంపించుచున్నది, ఎంత బిగువుగా పట్టబడినది అను మూడు విషయములను బట్టి ఆ బలము మారును. హైస్కూలులో నేర్చు యంత్రశాస్త్ర సూత్రములే ఈ మూడింటిని వివరించుటకు చాలును.

ఉదాహరణకు రాయల్ ఎన్‌ఫీల్డు బుల్లెట్టును తీసికొనవచ్చును. 1955లో మద్రాసులో దీని తయారీ మొదలైనది. చాలకాలము తయారైన దీని 350 నమూనాలో ఒకే సిలిండరు ఉండెను. దాని వ్యాసము 70 మి.మీ., పిస్టను నడక 90 మి.మీ. ఈ రెండు కొలతలతో సిలిండరు ఘనపరిమాణమును లెక్కించినచో 346 ఘన సెంటీమీటర్లు వచ్చును. విద్యార్థులు సరిచూచుకొనవచ్చును.

కావడి, ఎడ్లబండి

ఒక చేత నీళ్ల బిందె మోయువాడు రెండవ ప్రక్కకు ఒరిగి నడచును. కావడి మోయువాడు నిటారుగా నడచును. కారణము అందరు ఎరిగినదే. బరువును, ఆధారము నుండి దాని దూరమును హెచ్చవేసినచో భ్రామకము వచ్చును. రెండు ప్రక్కల భ్రామకములు సమానమైనపుడు వస్తువు తులతూగును.

నాలుగు కిలోల సంచి బండి మధ్యతలము నుండి 30 సెం.మీ. ఎడమకు వ్రేలాడుచున్నదనుకొన్నచో దాని భ్రామకము 120 కిలో-సెంటీమీటర్లు. డెబ్బది కిలోల చోదకుడు దీనిని సరిచేయుటకు కుడికి ఎంత జరుగవలెను? 120ని 70 చేత భాగించినచో సుమారు 1.7 సెం.మీ. అని తేలును. ఈ మాత్రపు సర్దుబాటు చోదకుడు తనకు తెలియకుండగనే చేసికొనును. కనుక చిన్న సంచి ఒక ప్రక్కన ఉండుట వలన బండి పడిపోవునను భయము అవసరము లేదు.

ముందువెనుకల సంగతి వేరు. ఎడ్లబండిలో ఇరుసుకు వెనుక బరువు ఎక్కువైనచో కాడి పైకి లేచును; ఎద్దుల మెడపై బరువు తగ్గును. మోటారు సైకిలులో వెనుక ఇరుసు అటువంటి ఆధారస్థానమే. రెండు ఇరుసుల నడుమ దూరము 140 సెం.మీ. అనియు, సంచి వెనుక ఇరుసుకు 35 సెం.మీ. వెనుక ఉన్నదనియు అనుకొన్నచో, ముందు చక్రముపై బరువు 4×35÷140, అనగా ఒక కిలో తగ్గును. వెనుక చక్రముపై అయిదు కిలోలు పెరుగును. ఒక కిలో తగ్గుట పెద్ద విషయము కాదు. కాని అదే స్థానమున పదునారు కిలోల పెట్టెను కట్టినచో ముందు చక్రము నాలుగు కిలోలు తేలికపడును, వెనుక చక్రముపై ఇరువది కిలోలు పడును. అదే సంచి రెండు ఇరుసుల నడుమ ఉన్నచో ఏ చక్రముపైనను బరువు తగ్గదు.

హేండిలుకు ఎందుకు కట్టరాదు?

చూచుటకు అందముగా ఉండునని కొందరు సంచిని హెడ్‌లైటు క్రింద, ముందు ఫోర్కుకు కట్టుదురు. నాలుగు కిలోల సంచికి ఇది తగిన చోటు కాదు. ఖాళీ సైకిలును వేగముగా తోసి వదలినచో కొంత దూరము పడిపోకుండ పోవును. అది ఎడమకు ఒరిగినపుడు ముందు చక్రము తనంతట ఎడమకు తిరుగును. చక్రములు మరల గరిమనాభి క్రిందకు చేరును. మోటారు సైకిలు కూడ ఇట్లే తన తూకమును కాపాడుకొనును. ఈ పని జరుగుటకు ముందు చక్రము చులకనగా తిరుగవలెను.

తిరుగు వస్తువు మార్పును ఎంత ఎదిరించునో తెలుపు రాశి జడత్వ భ్రామకము. ద్రవ్యరాశిని దూరము యొక్క వర్గముచేత హెచ్చవేసినచో అది వచ్చును. నాలుగు కిలోల సంచి ఫోర్కు తిరుగు అక్షమునకు 10 సెం.మీ. దూరమున ఉన్నపుడు ఈ విలువ 400. 25 సెం.మీ. దూరమున ఉన్నపుడు 2500. దూరము రెండున్నర రెట్లు పెరిగినచో ఎదిరింపు ఆరు రెట్లకు మించి పెరిగినది. బరువు మాత్రము మారలేదు.

1971లో ఆర్. ఎస్. షార్ప్ అను ఆంగ్ల ఇంజనీరు మోటారు సైకిలు స్థిరత్వమును గణితముతో పరిశీలించి, అది తూకము తప్పు తీరులను వివరించెను. మెల్లగా ఒక ప్రక్కకు ఒరిగిపోవుట ఒకటి. బండి మొత్తము పాము నడకవలె అటునిటు ఊగుట మరియొకటి. ముందు చక్రము, హేండిలు సెకనుకు అనేక పర్యాయములు గజగజలాడుట వేరొకటి. ఫోర్కుపై బరువు గజగజలాడు తీరును, వెనుక ఇరుసుకు అవతల వ్రేలాడు పెద్ద బరువు పాము నడకను ప్రభావితము చేయును.

ఇంతకంటె దగ్గరి ప్రమాదము ఇంకొకటి కలదు. హేండిలు పూర్తిగా ప్రక్కకు త్రిప్పినపుడు క్లచ్, బ్రేకు, యాక్సిలరేటరు వైర్లు కదలుటకు చోటు కావలెను. సంచి వాటిని నొక్కినచో, మలుపులో యాక్సిలరేటరు వైరు లాగబడి ఇంజను వేగము తనంతట పెరుగవచ్చును. బ్రేకు వేసినపుడు ఫోర్కు క్రుంగి, మడ్గార్డు పైకి వచ్చి సంచిని తాకవచ్చును.

కంటికి ఆనని కుదుపు

ఒకే సిలిండరు ఉన్న ఇంజనులో పిస్టను పైకి క్రిందికి పరుగెత్తుట వలన కుదుపు పుట్టును. క్రాంకుకు ఎదురు బరువులు అమర్చినను ఈ కుదుపు పూర్తిగా పోదు. ఇంజను నిమిషమునకు 3000 చుట్లు తిరుగుచున్నపుడు కుదుపు సెకనుకు 50 సార్లు కలుగును. 2023లో బుల్లెట్టు 350కి వచ్చిన కొత్త ఇంజనులో ఈ కుదుపును తగ్గించుటకు ప్రత్యేకమైన తూకపు ఇరుసు కలదు. పాత బండ్లలో అది లేదు.

సంచి ఉన్నచోట ఈ కంపనపు విస్తారము ఒక మిల్లీమీటరులో అయిదవ వంతు మాత్రమే అనుకొన్నను దాని ఫలితము చిన్నది కాదు. కంపించు వస్తువు పొందు గరిష్ఠ త్వరణము కోణీయ పౌనఃపున్యపు వర్గమును విస్తారముచేత హెచ్చవేయగా వచ్చును. 50 కంపనములకు కోణీయ పౌనఃపున్యము 314. దాని వర్గమును 0.0002 మీటరుతో హెచ్చవేసినచో సెకనుకు సెకనుకు సుమారు 20 మీటర్ల త్వరణము వచ్చును. ఇది గురుత్వ త్వరణమునకు రెండింతలు.

దీని అర్థము చేటలో బియ్యము చెరుగు స్త్రీని చూచినచో తెలియును. చేటను చేయి క్రిందికి లాగు త్వరణము గురుత్వ త్వరణమును మించినపుడు గింజలు చేటను వదలి గాలిలో నిలుచును. బండిపై కేవలము ఆన్చి ఉంచిన సంచి కూడ సెకనుకు 50 సార్లు ఈ విధముగా లేచి పడుచుండును. రంగును గీకును, తన గుడ్డను తానే అరగదీసికొనును, లోపలి పానాలను ఒకదానితో ఒకటి రాపాడించును. అందుచేత సంచిని బరువుపై వదలిపెట్టరాదు. దాని బరువుకు అనేక రెట్లైన బిగువుతో పట్టీ దానిని అదిమిపట్టవలెను. లోపలి పనిముట్లను గుడ్డలో విడివిడిగా చుట్టవలెను.

సాగిన పట్టెడ, ఊగెడు బరువు

కొందరు సంచిని ఒక పొడవైన ఇనుప పట్టెడ చివర బిగింతురు. ఊయలను దాని స్వంత లయకు తగినట్లు చిన్నగా తోసినను అది పెద్దగా ఊగును. అట్లే పట్టెడకు, సంచికి కలిపి ఒక సహజ పౌనఃపున్యము కలదు. ఇంజను కుదుపు దానితో ఏకీభవించినపుడు కలుగు పెద్ద ఊపునే అనునాదము అందురు.

ఈ పౌనఃపున్యమును కనుగొనుటకు ఒక సులభమైన మార్గము కలదు. సంచిని తగిలించినపుడు పట్టెడ కొస ఎంత క్రుంగునో మిల్లీమీటర్లలో కొలచి, ఆ సంఖ్య వర్గమూలముతో 15.8ని భాగించవలెను. క్రుంగుడు ఒక మి.మీ. అయినచో సెకనుకు సుమారు 16 కంపనములు వచ్చును. ఇంజను నిమిషమునకు సుమారు 950 చుట్లు తిరుగునపుడు, అనగా బండి నిలిచి ఇంజను మెల్లగా ఆడుచున్నపుడు కుదుపు ఇంతే. క్రుంగుడు మిల్లీమీటరులో పదవ వంతు అయినచో సుమారు 50 కంపనములు, అనగా 3000 చుట్ల వేగము. రెండు వేగములును నిత్యము వచ్చునవే. కనుక సన్నని పట్టెడ ఎట్లున్నను చిక్కే.

విరుగుడు పట్టెడను పొట్టిచేయుట. పట్టెడ పొడవు సగమైనచో దాని గట్టిదనము ఎనిమిది రెట్లగును. తరగతిలో ఉక్కు స్కేలును బల్ల అంచున బిగించి, కొసకు ఒక రబ్బరు ముక్క కట్టి, మొదట 20 సెం.మీ., తరువాత 10 సెం.మీ. బయటకు ఉంచి మీటినచో ఈ తేడా కంటికి కనబడును. అన్నింటికంటె మేలైనది పట్టెడ లేకుండ సంచిని నేరుగా ఫ్రేము గొట్టమునకు ఆన్చి కట్టుట, నడుమ రబ్బరు పొర ఉంచుట. రబ్బరు కంపన శక్తిని కొంత వేడిగా మార్చి ఊపును అణచును.

ఇనుప తీగను అటునిటు పదేపదే వంచినచో, ఒక్కసారి లాగిన తెగని తీగ విరిగిపోవును. లోహములకు కలుగు ఈ అలసటను 1850-1870 నడుమ జర్మనీలో ఆగస్టు వోలర్ రైలు ఇరుసులపై పరీక్షలు చేసి నిరూపించెను. సెకనుకు 50 కుదుపులైనచో గంటకు ఒక లక్షా ఎనుబది వేలు. ఏబది ఆరు గంటల ప్రయాణములో అవి కోటి దాటును. కొత్త పట్టెడ మొదటి నెలలో నిలిచినదని ధీమాపడుట ఇందుచేత తగదు. పట్టెడ సాధారణముగా రంధ్రము వద్దనో, వెల్డింగు అంచుననో సన్నని బీటతో మొదలై విరుగును. ఆ తావులను అప్పుడప్పుడు తుడిచి చూడవలెను.

నట్టు ఎందుకు వదులగును?

నట్టు బిగించినపుడు బోల్టు కొద్దిగా సాగి, స్ప్రింగువలె రెండు పలకలను అదిమిపట్టును. ఆ అదుముడు వలన పుట్టిన ఘర్షణయే నట్టును నిలుపును. 1969లో గెర్హార్డు యుంకర్ అను జర్మన్ ఇంజనీరు, బోల్టు పొడవున కలుగు కుదుపు కంటె దానికి అడ్డముగా కలుగు జారుడే నట్టును త్వరగా విప్పునని ప్రయోగములతో చూపెను. పలకలు అటునిటు జారుచున్నంతసేపు మరల నడుమ ఘర్షణ నట్టును ఆపలేదు. అది కొద్దికొద్దిగా వెనుకకు తిరుగును.

దీని నుండి మూడు పనులు తేలుచున్నవి. మొదటిది, సంచి జారకుండునట్లు కనీసము రెండు చోట్ల, వీలైనంత ఎడముగా బిగించుట. ఒకే బోల్టు ఉన్నచో సంచి దాని చుట్టు ఊగులాడును. రెండవది, కేవలము స్ప్రింగు వాషరును నమ్ముకొనక లోపల నైలాను వలయము గల నట్టును వాడుట. మూడవది, మొదటి ఏబది కిలోమీటర్ల తరువాత మరల బిగించుట. రంగు పొర, రబ్బరు, తోలు అణగుట వలన మొదటి బిగువు కొంత తగ్గును. నట్టు మీదుగా పలకపైకి రంగుతో ఒక గీత గీసినచో, నట్టు తిరిగినదో లేదో ఒక్క చూపులో తెలియును.

పడవ తాడు నేర్పు పాఠము

గోదావరి రేవులో పడవవాడు తాడును గుంజకు ఒకటి రెండు చుట్లు చుట్టి, కొసను ఒక చేత పట్టుకొని పెద్ద పడవను ఆపును. చుట్టు పెరిగిన కొలది ఘర్షణ కూడికగా గాక హెచ్చింపుగా పెరుగును. ఘర్షణ గుణకము 0.3 అయినచో ఒక పూర్తి చుట్టుతో చేతి బలమునకు 6.6 రెట్లు, రెండు చుట్లతో 43 రెట్లు బరువును ఆపవచ్చును. పట్టీని గొట్టముపై ఊరక వేయక ఒక పూర్తి చుట్టు చుట్టి బకిలు పెట్టినచో ఇదే మేలు కలుగును. బకిలుపై లాగుడు తగ్గును, సంచి గొట్టము వెంట జారదు.

కొక్కెములు గల సాగెడు రబ్బరు తాళ్లు ఈ పనికి చాలవు. గుంతలో బండి ఎగిరినపుడు అవి సాగి సంచిని లేవనిచ్చును, తిరిగి విసరును. తోలు పట్టీ వానలో తడిసినపుడు సాగును కనుక వాన వెలసిన తరువాత బిగువు చూచుకొనవలెను.

అన్నింటికంటె పెద్ద ప్రమాదము

ఇంతవరకు చెప్పిన పొరపాట్లవలన సంచి ఊడి పడవచ్చును. అది రోడ్డుపై పడినచో పోయినది పనిముట్లే, వెనుక వచ్చువారికి అపాయము లేనిచో. అది చక్రములో పడినచో పోవునది ప్రాణము.

బండి గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవునపుడు టైరు అంచు బండితో పోల్చినచో సెకనుకు సుమారు 16.7 మీటర్లు కదలును. 30 సెం.మీ. పొడవైన పట్టీ కొస టైరుకు చిక్కినచో సెకనులో నూరింట రెండు వంతుల కంటె తక్కువ కాలములో అది మొత్తము లోనికి పోవును. కనురెప్ప వేయుటకు ఇంతకు అయిదు రెట్లైన పట్టును. చోదకుడు బ్రేకు వేయుట మాట అటుండగా, ఏదో జరిగినదని గ్రహించుటకైనను వ్యవధి ఉండదు. చక్రము బిగుసుకొని బండి జారును.

వెనుక కూర్చున్నవారి చీర కొంగు, పంచె చక్రములో చిక్కకుండ వెనుక చక్రములో కనీసము సగము కప్పునట్టి రక్షణ ఉండవలెనని 1989 నాటి కేంద్ర మోటారు వాహనముల నియమములలో 123వ నియమము చెప్పుచున్నది. సంచికి చోటు చేయుటకై ఆ జాలీని విప్పి పారవేయుట కొందరికి అలవాటు. అది ఇతరుల ప్రాణముతో ఆట. జాలీ ఉన్నచోట సంచిని దాని వెలుపలనే కట్టవలెను. మిగిలిన పట్టీ కొసలను మడిచి దారముతో కుట్టవలెను, వ్రేలాడనీయరాదు.

చక్రము ఉన్నచోటనే ఉండదని కూడ గుర్తుంచుకొనవలెను. గుంతలో అది ఎనిమిది, పది సెంటీమీటర్లు పైకి వచ్చును. బండిపై ఇద్దరు కూర్చుండి గట్టిగా ఊపుచుండగా మూడవవాడు సంచికి, టైరుకు, చైనుకు నడుమ ఎడము ఎంత మిగిలినదో చూడవలెను. సైలెన్సరు సంగతి కూడ ఇట్టిదే. ఇంజను దగ్గరి గొట్టము వందల డిగ్రీలకు వేడెక్కును. రెక్సిను మెత్తబడును, నైలాను పట్టీ కరగును, కరగిన పట్టీ తెగును. ఇంకొక మాట: సంచి వెనుక దీపమును, మలుపు దీపములను, నంబరు పలకను కప్పరాదు, ఇంజనుకు తగులు చల్లని గాలికి అడ్డు నిలువరాదు.

ఏ చోటు మంచిది?

ఈ విషయములన్నింటిని కలిపి చూచినచో సమాధానము దానంతట తేలును. రెండు ఇరుసుల నడుమ, సీటు క్రింద, సైలెన్సరు లేని ప్రక్కన, ఫ్రేమును ఆనుకొని, చైనుకు చక్రమునకు దూరముగా ఉన్న చోటు మొదటిది. అక్కడ వీలు లేనిచో సీటు వెనుక గట్టి క్యారియరుపై, వీలైనంత ముందుకు జరిపి కట్టవలెను. ఫోర్కుపై కట్టక తప్పనిచో ఒకటి రెండు తేలిక పనిముట్లకు మించరాదు. సంచిలో బరువైన పానాలు అడుగున, ఫ్రేము వైపున ఉండవలెను. స్క్రూడ్రైవరు మొన చోదకుని వైపు ఉండరాదు.

బయలుదేరుటకు ముందు సంచిని రెండు చేతులతో పట్టి పైకి, ముందుకు, ప్రక్కకు గట్టిగా లాగి చూడవలెను. బండి మొత్తము కదలవలెను గాని, సంచి విడిగా కదలరాదు. సంచి బండిలో ఒక భాగమైపోయినదనుటకు ఇదే గుర్తు. ఈ పరీక్షకు పట్టునది అరనిమిషము.